నాలుగు వేళ్ళ వదులు

"చర్మానికి లోపల కుట్లుండవమ్మా" అని డాక్టర్ విభావరి నవ్విన రోజునే నూకరత్నానికి ఆవిడ మీద నమ్మకం పోయింది.

రత్నం అడిగింది తప్పుమాటేం కాదు. విశాఖలో కొండ మీదున్న ఆ ప్రయోగశాలలో, తెల్లటి బల్ల మీద ఆమె పెళ్ళి జాకెట్టు పరిచి ఉంది. ఎర్ర పట్టు, మోచేతుల దాకా చేతులు, చంకల దగ్గర ఎనిమిదేళ్ళ నాటి చెమట మరక. దాన్ని నాలుగు పక్కల నుంచీ కెమెరాలతో కొలుస్తున్నారు. ఆ కొలతకే ఆమెకొక అచ్చు బనీను తయారుచేస్తారట. ఒంటికి లేపనం రాసుకుని పైన ఆ బనీను తొడుక్కుంటే, వేలాడే చర్మమంతా నలభై రోజుల్లో దగ్గరికి లాక్కుని, సరిగ్గా ఆ కొలత దగ్గర ఆగిపోతుందట.

"లోపల ఎంత వదులుతున్నారు మేడమ్?" అంది రత్నం.

"ఎందుకు వదలడం?"

"రేపొద్దున్న ఒళ్ళొస్తే విప్పుకోడానికండి."

అప్పుడే ఆవిడ ఆ మాట అని నవ్వింది. కెమెరాలు పట్టుకున్నవాళ్ళు కూడా నవ్వారు. అందరికన్నా గట్టిగా రత్నం మొగుడు సూరిబాబు నవ్వాడు.

రత్నం అనకాపల్లిలో జాకెట్లు కుడుతుంది. ఏడో తరగతిలో బడి మానిపించి మిషను ముందు కూర్చోబెట్టారు. ఇప్పుడామెకి ఇరవై ఏడు. ఇన్నేళ్ళలో ఆమె చేతిలోంచి వెళ్ళిన ఏ జాకెట్టుకీ లోపల పక్కకి రెండు వేళ్ళ గుడ్డ వదలకుండా లేదు. ఒంటికి అతుక్కున్నట్టు కుట్టమని పెళ్ళికూతుళ్ళు కాళ్ళావేళ్ళా పడినా సరే, బయటికి అతుక్కున్నట్టే కుడుతుంది, లోపల మాత్రం గుడ్డ మడిచి మూడు వరసల కుట్లు వేస్తుంది. ఆడదాని ఒళ్ళు ఒక్క కొలత దగ్గర నిలబడదు. నెల తిరిగేసరికి మారుతుంది, కాన్పుకి మారుతుంది, దిగులుకి కూడా మారుతుంది. ఒక్కో కుట్టూ విప్పుకుంటూ పోతే జాకెట్టు పదేళ్ళొస్తుంది.

ఆ ఎర్ర జాకెట్టు కొలతకి ఆదిగా తెచ్చింది సూరిబాబే. "పెళ్ళినాడు ఎలాగుండేదో అలాగే చేసెయ్యండి మేడమ్" అన్నాడు, పెళ్ళాన్ని రంగు వేయించడానికి తెచ్చినట్టు. పెళ్ళికి నెల ముందు ఆమెకి పచ్చకామెర్లు వచ్చాయనీ, చప్పిడి తిండితో ఎముకలు తేలి ఉందనీ అతనికి గుర్తే లేదు. అది రోగిష్టి పిల్ల కొలత. అందుకే అప్పట్లో రత్నం తన చేత్తోనే రెండు పక్కలా కలిపి నాలుగు వేళ్ళ గుడ్డ లోపల దాచి కుట్టుకుంది. కెమెరాలు బయటి కుట్టుని కొలిచాయి. లోపల మడిచిన గుడ్డ వైపు ఒక్కరూ చూడలేదు.

అయినా ఒప్పుకుంది. ఒప్పుకోక ఏం చేస్తుంది?

కూతురు జోషిత పుట్టిన ఏడాదికి ఆమె నూట పద్దెనిమిది కిలోలుండేది. షుగరు, మోకాళ్ళ నొప్పులు, మంచం మీంచి లేవాలంటే గోడ పట్టుకోవాలి. కడుపులో సంచి కోసి చిన్నది చేసే ఆపరేషను చేశారు. ఏడాదిన్నరలో సగానికి సగం తగ్గిపోయింది. కొవ్వు పోయింది గానీ దాన్ని మోసిన చర్మం పోలేదు. పొట్ట చర్మం తొడల మీదికి వేలాడేది. జాకెట్టు చేతుల్లోంచి భుజాల చర్మం పిండిసంచిలా జారేది. మడతల కింద చెమట పట్టి, పాసి, ఎర్రగా పుళ్ళయ్యేవి. పాత చీర పీలికలు మడతల్లో పెట్టుకుని, పైన పౌడరు చల్లుకుని, పొట్టని లంగాలోకి కుక్కి బొందు బిగించి పనికి కూర్చునేది. ఎండాకాలం ఆ వాసన ఆమెకే తెలిసేది. కొలతలివ్వడానికొచ్చిన ఆడవాళ్ళు ముక్కు దగ్గర కొంగు పెట్టుకుంటే, వాళ్ళ జాకెట్టు గుడ్డని మూతి మీద విసిరికొట్టాలనిపించేది.

"ముందరే నయం. నిండుగా ఉండీదానివి. ఇప్పుడు గాలి తీసిన ట్యూబునాగ ఉన్నావు" అనేది అత్త అప్పయ్యమ్మ, వచ్చినవాళ్ళందరి ముందూ.

సూరిబాబు బెల్లం మార్కెట్లో తూకం గుమాస్తా. "అప్పుడు నిన్ను తుయ్యాలంటే రెండు కాటాలు కావాలి. ఇప్పుడు ఒక కాటా చాలు గానీ, గోనె విడిగా తుయ్యాలి" అనేవాడు. నవ్వించాననే అనుకునేవాడు.

కోసి తీసేసే ఆపరేషను ఉందన్నారు గానీ అది వాళ్ళ తాహతుకి అందేది కాదు. విభావరి గారి ప్రయోగంలో చేరితే ఊరికే చేస్తారు. మొత్తం ఆరుగురు ఆడవాళ్ళు. అందరూ కడుపు ఆపరేషను చేయించుకుని, చర్మం వేలాడేసుకుని తిరుగుతున్నవాళ్ళే.

చెవి వెనక నుంచి రూపాయి బిళ్ళంత చర్మం తీశారు. దాన్ని గాజుపళ్ళెంలో నెల్లాళ్ళు పెంచి, పట్టుపురుగుకుండే పోగు తీసే గుణం అందులో కలిపారట. ఆ కణాలు లేపనంలో ఉంటాయి. రాసుకుంటే లోపలికి దిగి, చర్మం అడుగున పోగులు నేస్తూ దాన్ని దగ్గరికి లాగుతాయి. ఏ ఆకారంలో పట్టి ఉంచితే ఆ ఆకారాన్నే నేర్చుకుంటాయి. నేర్చుకున్నాక మరిచిపోవు.

"ఎప్పటికీ?" అని అడిగింది రత్నం.

"ఎప్పటికీ. అదే కదా మన విజయం!" అంది విభావరి.

చేరిన రోజున ఒక ఫారం ఇచ్చారు. పైన 'జీవన నాణ్యత' అని అచ్చు వేసి ఉంది. నలభై ప్రశ్నలు. అద్దంలో చూసుకుంటే ఎలా ఉంటుంది, పదికి ఎన్ని మార్కులు వేస్తారు? నలుగురిలోకి వెళ్ళడానికి ఎంత ఇబ్బంది పడతారు? రత్నం కూడబలుక్కుని చదువుతూ అన్నిటికీ ఒకట్లూ రెండ్లూ వేసింది. నలభయ్యో ప్రశ్న: మీ శరీరంలో మీకు బాగా నచ్చిన భాగం ఏది? దాని దగ్గర పెన్ను ఆగిపోయింది. ఖాళీగా వదిలేసి ఇచ్చేసింది.

*

నచ్చిన భాగం కాదు గానీ, వదులుకోలేని భాగం ఒకటుంది.

జోషితకి మూడేళ్ళు. పాలు మానిపించిన దగ్గర్నుంచీ దానికొక అలవాటు. తల్లి ఎడమ పక్కన పడుకుని, చీర కిందికి కుడిచెయ్యి దూర్చి, రొమ్ము కింద పక్కలో వేలాడే చర్మం మడతని గుప్పెట్లో పట్టుకుంటేగాని నిద్రపోదు. మెత్తగా, చల్లగా, పిడికిలి నిండా ఉండేది. అది అందకపోతే ఏడ్చి ఏడ్చి కక్కుకునేది. దేన్ని చూస్తే రత్నానికి రోతో, ఆ పిల్లకి లోకంలో అంతకన్నా సుఖమైనది లేదు. "మ్మా, నా మెత్తది" అని వెతుక్కునేది.

లేపనం రాసుకున్న మొదటి రోజునే రత్నం ఆ పని చేసింది. ఒళ్ళంతా రాసింది. ఎడమ పక్క ఆ మడత దగ్గరికి వచ్చేసరికి నాలుగు వేళ్ళు ఆన్చి కొలుచుకుంది. ఆ వెడల్పున, జానెడు పొడుగున, చాక్ ముక్కతో గీత గీసుకుంది. గీత లోపల లేపనం తగలనివ్వలేదు. తగిలినచోట తడిగుడ్డతో రుద్ది తుడిచేసింది. నలభై రోజులూ అంతే. అచ్చు బనీనులో కూడా ఆ పక్క కుట్టు విప్పి, చిన్న జేబులాంటిది పెట్టుకుంది, మడత అందులో నలక్కుండా, పాప చేతికి అందేలా ఉండడానికి. బయటినుంచి ఎవరికీ తెలియలేదు. లోపల గుడ్డ దాచడం ఆమెకి ఒకరు నేర్పేదేముంది?

నలభయ్యొకటో రోజున బనీను తీశారు.

అప్పయ్యమ్మ కోడల్ని చుట్టూ తిరిగి చూసి, "ఒలమ్మో, ఒలిచిన సెనక్కాయనాగ ఉందిరా ఇది" అంది. ఆవిడకి తెలిసిన మెచ్చుకోలు అదే. సూరిబాబు సెలవు పెట్టి మరీ పెళ్ళాన్ని మార్కెట్టుకి తీసుకెళ్ళి తిప్పాడు. బెల్లం దిమ్మల మధ్య నిలబెట్టి, "మా ఆవిడ" అని తోటి గుమాస్తాలకి చూపించాడు. ఇన్నేళ్ళలో మార్కెట్టుకి రావద్దన్న మనిషి.

పుళ్ళు మానిపోయాయి. వాసన పోయింది. చీర కుచ్చిళ్ళు చక్కగా దిగాయి. అవన్నీ నిజమే. రత్నం వాటికోసం ఏడ్చిన రోజులు మర్చిపోయేంత అబద్ధాలకోరు కాదు.

కానీ గట్టిగా ఊపిరి తీసుకుంటే పక్కలు పట్టేసేవి. ఆవలింత సగంలో ఆగిపోయేది. మిషను మీద వంగితే వీపు వంగనిచ్చేది కాదు. కడుపు నిండా తింటే చర్మం లోపలికి నొక్కేది. పోనీ నవ్వుదామన్నా, ఓ మోతాదు దాటితే నొప్పి. పచ్చకామెర్ల పిల్ల కొలతలో ఇరవై ఏడేళ్ళ మనిషిని కుట్టేశారు. కాస్త వదులున్నది ఆ ఎడమ పక్కనే. ఊపిరి తీసినప్పుడు ఆ నాలుగు వేళ్ళే సాగి చోటిచ్చేవి.

తతిమ్మా అయిదుగురికీ ఇలాగే పట్టేస్తోందా అని అడిగితే డాక్టరు "సర్దుకుంటుంది" అంది.

*

మడత బయటపడింది ఫొటోల రోజున. రెండు వారాల్లో, డబ్బు పెట్టే పెద్దలు కొందరు ప్రయోగం చూడ్డానికి వస్తున్నారు. ఆరుగురిలో అందరికన్నా బాగా వచ్చింది రత్నం ఒళ్ళే. ఆమెనే ముందు నిలబెట్టాలని విభావరి ఆశ. చెయ్యి పైకెత్తమంది. ఎత్తింది.

"ఇదేమిటి?"

రత్నం చెయ్యి దించేసుకోబోయింది.

"ఇక్కడ నేత దిగలేదే! రాసుకోలేదా?"

"రాసుకోలేదండి."

"ఎందుకని?"

"మా పాప పట్టుకుని పడుకుంటదండి."

డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఏడేళ్ళు. ఏడేళ్ళ పని ఇది. నీ పిల్లకి బొమ్మ కొనిచ్చుకోలేకపోయావా?"

"బొమ్మలో నేనుండను కదండీ."

"నోరు బాగానే ఉంది. చెప్పింది చెప్పినట్టు చెయ్యడం మాత్రం రాదు. చదువుకోనివాళ్ళని తీసుకోవద్దని అందరూ చెప్పారు నాకు!" ఆవిడ గొంతు పక్క గదిలోకి కూడా వినిపించింది. "ఈ రెండు వారాల్లో అక్కడ కూడా రాయాలి. లేదంటే నీ పేరు కొట్టేస్తాను. తర్వాత ఏ నొప్పి వచ్చినా ఈ గడప తొక్కొద్దు."

"కొట్టేసుకోండి" అంది రత్నం, రవిక హుక్కులు పెట్టుకుంటూ. "గడప తొక్కాలని నేనూ ముచ్చటపడట్లేదు."

బయట వరండాలో సూరిబాబు అన్నీ విన్నాడు. బస్సులో అనకాపల్లి దాకా చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. దిగేముందు, "అంత పెద్దావిడ చేత మాట అనిపించేవు. బంగారం లాంటి పనికి నాలుగు వేళ్ళ గోనె ముక్క అడ్డం" అన్నాడు.

అతని చేతిసంచిలో చిన్న సీసా ఒకటి ఉందని రత్నానికి తెలీదు.

*

మధ్యాహ్నం సూరిబాబు కూడా ఇంటికొచ్చి అన్నాలయ్యాక, పొద్దుటి నుంచీ మిషను తొక్కిన నడుం కాసేపు వాలుస్తుంది రత్నం. జోషిత ఎడమ పక్క చేరి మడత పట్టుకుంటుంది. ఇద్దరికీ ఒకేసారి నిద్ర పట్టేస్తుంది. ఊపిరి నిండా ఆడని మనిషికి నిద్ర మత్తులా ముంచుకొస్తుంది.

వారం గడిచేసరికి రత్నానికి అనుమానం మొదలైంది. కొలిచి చూసుకుంది. నాలుగు వేళ్ళ మడత మూడు వేళ్ళయింది. మళ్ళీ కొలిచింది. టేపు తెచ్చి కొలిచింది. చుట్టూ ఉన్న నేత పాకుతోందేమోనని భయం పట్టుకుంది. ఎవర్నడగాలి? గడప తొక్కొద్దందిగా ఆవిడ. ఆ రెండు రోజులూ ఏ జాకెట్టుకి ఏ చెయ్యి కుట్టిందో ఆమెకే తెలీదు. ఒక రవికకి రెండూ కుడిచేతులే కుట్టి మాట పడింది.

తొమ్మిదో రోజు సాయంత్రం అప్పయ్యమ్మ కేకేసింది.

"ఏటే రత్నం, ఈ గుంట సెయ్యి ఏటిలాగుంది? బిస్కట్టు ఇత్తే ఎడం సేత్తో తీసుకుంటంది. కుడిసెయ్యి సాపమంటే సాపదు."

రత్నం పరుగున వచ్చింది. జోషిత కుడి అరచెయ్యి సగం ముడుచుకుని ఉంది. పిడికిలి కాదు, తెరిచిన చెయ్యీ కాదు. మధ్యలో ఏదో పట్టుకున్నట్టు, లోపల ఏమీ లేకపోయినా పట్టుకునే ఉన్నట్టు. వేళ్ళు విప్పబోతే పిల్ల కెవ్వుమంది. అరచేతి చర్మం నున్నగా, బిగువుగా, గీతలు లేకుండా ఉంది. ఆ నునుపు రత్నానికి తెలుసు. రోజూ స్నానం చేస్తూ తన ఒంటి మీద చూసుకునే నునుపే అది.

ఆ చెయ్యి తన మడతని పట్టుకుని ఉంది. మడత లేని చోట కూడా.

ఇల్లంతా గాలించింది. బీరువా మీద, సూరిబాబు తూకం పుస్తకాల వెనక, సీసా దొరికింది. పక్కనే పాలిథిన్ చేతితొడుగుల పెట్టె.

సూరిబాబు ఇంటికొచ్చేసరికి రెండూ గడప మీద పెట్టి కూర్చుంది.

"నీ మంచికేనే" అన్నాడు అతను, చెప్పులు కూడా విప్పకుండా. "సీసా, తొడుగులూ మేడమ్ గారే ఇచ్చేరు. నిద్దట్లో రాసినా పనిచేస్తదన్నారు. చెప్తే నువ్వు ఒప్పుకోవు కదా."

"పాప చెయ్యి అక్కడే ఉంటది కదా, ఏం చేసేరు?"

"మెల్లిగా తీసి, రాసి, మళ్ళీ అక్కడే పెట్టేవోడిని. లేకపోతే లేచి ఏడుస్తది కదా."

రత్నం చేతితొడుగుల పెట్టె తీసి అతని కాళ్ళ ముందు విసిరింది.

"నీ చేతికి తొడుక్కున్నావు" అంది. పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో మొగుణ్ణి నువ్వనడం అదే మొదలు. "దాని చేతికో?"

సూరిబాబు వంగి పెట్టె తీసుకోబోయాడు. అప్పయ్యమ్మ పిల్లని చంకనేసుకుని నిలబడి, కొడుకుని పైనుంచి కిందికి చూసి, "కాటా తప్ప ఏటి తెలుసురా నీకు" అని లోపలికి వెళ్ళిపోయింది.

*

మర్నాడు పొద్దున్నే రత్నం పిల్లతో విశాఖ వెళ్ళి ఆ గడప తొక్కింది.

"అసంభవం" అంది విభావరి, పిల్ల చెయ్యి చూడకుండానే. "అది నీ కణాలతో చేసింది. ఇంకొకరి ఒంటికి అంటుకోదు."

"అంటుకోకపోతే మా ఆయనకి తొడుగులెందుకిచ్చారు?"

ఆవిడ అప్పుడు చూసింది చెయ్యి. చూసి, కుర్చీ దగ్గరికి లాక్కుని మళ్ళీ చూసింది. గోటి మొన అంత చర్మం తీసి యంత్రం కింద పెట్టి గంటసేపు లోపలే ఉండిపోయింది. బయటికి వచ్చాక గొంతు తగ్గింది గానీ కళ్ళలో వేరే వెలుగు. "సగం నీ నుంచి వచ్చిన పిల్ల కదా. వాటికి తేడా తెలియలేదు. తనకి అచ్చు బనీను లేదు. చెయ్యి ఎలా పట్టుకుని ఉందో ఆ ఆకారమే నేర్చేసుకున్నాయి. అద్భుతం..." అని ఫొటో కోసం కెమెరా అందుకుంది.

రత్నం కెమెరాకి అడ్డంగా చెయ్యి పెట్టింది. "అద్భుతం తర్వాత. ఏం చేస్తారో చెప్పండి."

"చెయ్యి పెరుగుతుంది, చర్మం పెరగదు" అంది డాక్టరు, ఈసారి నేలకేసి చూస్తూ. "ఎముకలు వంకర తిరుగుతాయి. ఏడాదిలో."

నేత పట్టిన చర్మం కోసి తియ్యాలి. తీసినచోట పిల్ల తొడ చర్మం వేస్తే, కింద మిగిలిన పోగులు దాన్ని కూడా లాగేస్తాయి. ఆ పోగులకి లొంగని చర్మం కావాలి. అలాంటిది ప్రపంచంలో ఒక్కచోటే ఉంది. నలభై రోజులు నేత పక్కనే ఉండి, అంచుల దగ్గర ఆ పోగుల్ని ఆపడం నేర్చుకున్న రత్నం మడత చర్మం. సూరిబాబు తొమ్మిది రోజులు రాసినా అంచులే పోయాయి గానీ నడిమి భాగం ఇంకా మెత్తగానే ఉంది. అదీ రెండు వేళ్ళు మిగిలింది. మూడేళ్ళ పిల్ల అరచేతికి సరిపోతుంది. పైన ఒక దారప్పోగంత కూడా మిగలదు.

"అది తీస్తే మీకు ఇబ్బంది. ఊపిరికి ఆసరా అదొక్కటే" అంది విభావరి. మొదటిసారి 'మీకు' అంది. "ఇంకో కాన్పు మాట కూడా మర్చిపోవాలి. పొట్ట సాగడానికి చోటుండదు."

"తియ్యండి."

"ముందు దీని మీద సంతకం పెట్టాలి."

కాగితం ఇంగ్లీషులో ఉంది. రత్నం దాన్ని ముట్టుకోలేదు. "తెలుగులో చదవండి. పైకి."

విభావరి చదివింది. లేపనం పిల్లలకి అందేచోట ఉంచడం తల్లి అజాగ్రత్త అనీ, ప్రయోగశాలకి ఏ సంబంధమూ లేదనీ దాని సారాంశం. చదువుతూ చదువుతూ ఆవిడ గొంతే సన్నబడిపోయింది.

రత్నం కాగితాన్ని ఒక్క వేలితో వెనక్కి తోసింది.

"ఆదివారం కదండీ మీ పెద్దలొచ్చేది?"

"అవును."

"నేనూ వస్తాను. మీరు పిలవకపోయినా వస్తాను. పెళ్ళి చీర కట్టుకుని, ఆ ఎర్ర జాకెట్టే తొడుక్కుని వస్తాను. ఇప్పుడు ఒక్క కుట్టు విప్పకుండా సరిపోతుంది, చూస్తారు కదా మీ పనితనం. చంకలో పాపుంటది. దాని చెయ్యి కూడా చూస్తారు."

"బెదిరిస్తున్నారా?"

"అవునండి" అంది రత్నం. "చదువుకోలేదు కదా, ఇంకోలాగ రాదు."

డాక్టరు కాగితాన్ని సొరుగులో పడేసి, నర్సుని పిలిచి, గది సిద్ధం చెయ్యమంది.

*

మెలకువ వచ్చాక రత్నం ముందు పిల్ల చెయ్యి చూసింది. కట్టులో ఉంది, తెల్లగా, వేళ్ళు చాపి. తర్వాత తన పక్క తడుముకుంది. మడత ఉన్నచోట పొడుగ్గా ఒక కుట్టు. పద్దెనిమిది లెక్కపెట్టింది. చర్మానికి కుట్లుండవన్న మనిషే కుట్టింది. చేతిపని అంత బాగోలేదు. ఒకటి ఎడం, ఒకటి దగ్గర. తన కొట్లో అయితే విప్పించి మళ్ళీ కుట్టించేది.

ఆదివారం నాటి తతంగం వాయిదా పడిందని విన్నది. అయిదుగురిలో ఒకామె బస్సులో ఊపిరాడక పడిపోయిందనీ, ఇంకొకామె ఇంట్లోంచి బయటికి రావడం లేదనీ కూడా విన్నది. వాళ్ళ వీధుల పేర్లు తెలుసుకుని, అప్పయ్యమ్మ చేత ఇద్దరికీ కబురంపింది: ఏ కాగితమిచ్చినా తెలుగులో చదివించుకోకుండా సంతకం పెట్టొద్దని.

కట్టు విప్పాక జోషిత అరచేతిలో ఒక వింత వచ్చింది. మిగతా చెయ్యంతా పాలమీగడ రంగు, నడిమధ్యన మాత్రం రత్నం ఒంటి చామనఛాయ. మెత్తగా, చల్లగా, కాస్త వదులుగా. వేళ్ళు చాపితే సాగుతుంది, ముడిస్తే మడతపడుతుంది. ఎదిగే చేతికి కావలసినంత చోటు అందులో ఉంది.

ఆ మధ్యాహ్నం రత్నం ఎప్పటిలా పడుకుని, ఎడమ చెయ్యి ఎత్తి పిల్లకి చోటిచ్చింది. జోషిత వచ్చి పక్కన చేరింది. అలవాటుగా కొంగు కిందికి చెయ్యి దూర్చింది. అక్కడ పట్టు దొరకలేదు. నున్నటి గోడ మీద పాకినట్టు చెయ్యి జారిపోయింది. రెండుసార్లు వెతికింది. రత్నం దాని ఏడుపుకి సిద్ధపడింది.

పిల్ల ఏడవలేదు. చెయ్యి బయటికి తీసి, తన అరచేతిని తనే గట్టిగా మూసుకుంది. లోపల అది ఉంది. "మెత్తది" అంది, సగం నిద్రలో, ఎవరితోనూ కాదన్నట్టు. అటు తిరిగి, గోడవైపు ముఖం పెట్టి పడుకుంది.

రత్నం చాలాసేపు ఆ వీపు కేసి చూసింది. ఏడుద్దామంటే లోపల్నుంచి వెక్కు సగం దాకా వచ్చి, పక్కలు పట్టేసి, అక్కడే ఆగిపోయింది. ఏడవడానికి కూడా వదులుండాలని ఆమెకి అప్పుడే తెలిసింది.

సూరిబాబు వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. ఈ నెలరోజులుగా అతనికి అన్నం పెడుతోంది, మాట పెట్టడం లేదు. "విశాఖ నుంచి మళ్ళీ ఫోను" అన్నాడు నెమ్మదిగా. "మేడమ్ గారు. రత్నం గారు ఫారం నింపి పంపలేదేమని అడుగుతున్నారు. ఆఖరి ఫారమట."

ఆమె లేచింది. ఫారం మిషను సొరుగులోనే ఉంది. జీవన నాణ్యత. అవే నలభై ప్రశ్నలు, ఈసారి దళసరి కాగితం మీద. నలభయ్యోది చదివింది. మీ శరీరంలో మీకు బాగా నచ్చిన భాగం ఏది?

ఎండాకాలం వస్తోంది. కొత్త చర్మానికి ఎండ తగలకుండా చేతికి మెత్తటి తొడుగు వెయ్యాలని నర్సు చెప్పింది. అది బజార్లో దొరకదు, అంత చిన్నది. దానికొక నమూనా కాగితం కావాలి.

రత్నం ఫారాన్ని బోర్లా తిప్పి పిల్ల పక్కన పరిచింది. నిద్రలో ఉన్న కుడిచేతిని మెల్లిగా తెరిచి కాగితం మీద ఆన్చింది. చాక్ ముక్క తీసి, ఒక్కో వేలి చుట్టూ గీత గీసింది. చెయ్యి వదలగానే అది మళ్ళీ మూసుకుంది.

కత్తెర తీసుకుని, గీత మీద పెట్టబోయి, ఆగి, రెండు వేళ్ళు బయటికి జరిపింది. అక్కణ్ణుంచి కత్తిరించడం మొదలుపెట్టింది.